దొరసానిగారి మెచ్చుకోలు

పొద్దున్నే ప్రార్థన ముగించి, పొయ్యి మీద కాఫీ నీళ్ళు కూడా పెట్టకముందే, సువార్తమ్మ గారు ఎర్ర అట్ట నోటుబుక్కు తీసి ఇంగ్లీషులో ఒక వాక్యం రాసుకునేవారు. ఒక్కటే వాక్యం. ముందురోజు తన కళ్ళతో చూసిన ఒక మంచిపని గురించి. చేసినవారి పేరు, చేసిన పని, అంతే. "పడవ నూకరాజు కాళ్ళనొప్పులతో మెల్లిగా వస్తున్న ముసలామె కోసం రేవులో పడవ ఆపి ఉంచాడు." "వంట సత్తెమ్మ పులుసులో ఉప్పు ఎక్కువైందని, ఎవరూ నోట పెట్టకముందే తానే వచ్చి చెప్పింది." అన్నీ ఇలాంటివే.

నేను ఆవిడ దగ్గర ఆరో తరగతి చదువుతున్నప్పుడు ఒకసారి ఆ పుస్తకంలో నా పేరు కూడా ఉందని తెలిసింది. వానలో నా గొడుగు వేరే పిల్లకి ఇచ్చేసి తడుస్తూ ఇంటికి వెళ్ళానట. నాకైతే గుర్తే లేదు.

"మంచి పిల్ల అని రాయలేదేంటండీ?" అని అడిగాను.

"రాసేను కదమ్మా. గొడుగిచ్చిందని రాసేను" అన్నారావిడ.

మా ఊరు కొత్తపేటకు నాలుగు మైళ్ళ దూరంలో కాలవ గట్టున ఉంటుంది. ఊరి చివర మిషను కాంపౌండు, అందులో చర్చి, ఆడపిల్లల బడి, హాస్టలు. సువార్తమ్మ గారి తండ్రి కపిలేశ్వరపురం లంకల్లో పాలేరుగా చేస్తూ జ్వరం తగిలి పోయారు. తల్లి కృపమ్మ గారు చంటిపిల్లను చంకనేసుకుని వచ్చి మా హాస్టల్లో గిన్నెలు తోమే పనికి కుదిరారు. ఆ పిల్ల గిన్నెల పక్కన కూర్చుని బొగ్గుతో గచ్చు మీద గీతలు గీస్తుంటే చూసి పలక కొనిచ్చారు దొరసానిగారు. ఆవిడ ఇంగ్లండు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు మా బడి నడిపారు. ఆవిడకు పేరు లేకేం, ఉంది. కానీ ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలిచి ఎరగరు.

సువార్తమ్మ గారికి పదిహేడేళ్ళప్పుడు, హాస్టల్లో పనిచేసే ఆయా ఒకామె రాజమండ్రి ఆసుపత్రిలో పనికి వెళ్తూ ఒక సిఫారసు ఉత్తరం కావాలంది. దొరసానిగారు ఆ ఉత్తరం నువ్వు రాయమని సువార్తమ్మ గారికి అప్పగించారు. ఈవిడ ఉత్సాహంగా తనకు తెలిసిన గొప్ప మాటలన్నీ వరసపెట్టి రాసి తీసుకెళ్ళారు. చాలా మంచిది, ఎంతో నమ్మకస్తురాలు, మిక్కిలి ఓర్పు గలది. దొరసానిగారు ఎర్ర పెన్సిలు తీసుకుని ఆ మాటలన్నీ కొట్టేశారు. కాగితం మీద ఆయా పేరు ఒక్కటే మిగిలింది.

"ఈమె ఏమి చేసింది?" అన్నారు దొరసానిగారు. ఆవిడ తెలుగు బడిపుస్తకంలో తెలుగులా ఉండేది.

"అన్నీ బాగా చేసిందండీ."

"అన్నీ వద్దు. ఒకటి చెప్పు."

"మశూచి వచ్చిన పిల్ల పక్కన పదకొండు రోజులు కూర్చుందండీ. ఆ పిల్ల తల్లి కూడా భయపడి రాలేదు" అన్నారు సువార్తమ్మ గారు.

"అది వ్రాయి. అది చాలును."

తర్వాత దొరసానిగారు ఆవిడను కూర్చోబెట్టి చెప్పారట. మా దేశంలో బాగా రాసేవాళ్ళు ఒక మనిషిని నిజంగా మెచ్చుకుంటే పెద్ద మాటలు వాడరు, తాము చూసింది చెప్పి ఊరుకుంటారు, చెప్పడానికి ఏమీ చూడనప్పుడే తీపి మాటలు వెతుక్కుంటారు, అని. ఓడ మీద నెల్లాళ్ళు ఆలస్యంగా వచ్చే పత్రికల్లో పుస్తకాల గురించి ఎవరెవరో రాసిన ముక్కలు కత్తిరించి ఇచ్చేవారు. అందులో కూరగాయల పెంపకం మీద వచ్చిన పుస్తకానికి ఒకాయన రాసిన మెచ్చుకోలు సువార్తమ్మ గారు మాకు తరచూ చెప్పేవారు. "ఈయన చెప్పినట్టే చిక్కుడు గింజలు పాతాను. మొలిచాయి." అంతే రాశాడట. ఇంకో పుస్తకం గురించి వేరొకరు ఒక పేజీ నిండా అద్భుతం, మనోహరం అని రాశారట. "ఆ రెండో ఆయన పుస్తకం తెరిచి చూసి ఉండరర్రా" అని నవ్వేవారు.

దొరసానిగారు ఎవరినీ మొహం మీద పొగిడేవారు కాదు. ముప్పై ఏళ్ళలో తనను 'గుడ్' అనగా ఒక్కసారి కూడా వినలేదని సువార్తమ్మ గారు అనేవారు. అలాగని ఆవిడకు లోటేమీ అనిపించలేదు. దొరసానిగారు వేసవికి కొడైకెనాల్ వెళ్ళేటప్పుడు తాళాల గుత్తి తెచ్చి ఈవిడ బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. అది చాలు ఈవిడకి.

ఆ పద్ధతి ఊళ్ళో ఇంకొకరికి కూడా తెలుసు. ప్రకాశరావు గారికి. ఆయన సువార్తమ్మ గారికంటే ఎనిమిదేళ్ళు చిన్న. తండ్రి చర్చిలో గంట కొట్టేవారు. కుర్రాడికి ఇంగ్లీషు అంటుకోవడం లేదంటే ఈవిడే రోజూ సాయంత్రం ఇంటికి పిలిచి, ఇంత అటుకులో బెల్లమో పెట్టి, చదువు చెప్పారు. ఆయన మద్రాసులో మిషను వాళ్ళ అచ్చాపీసులో ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు ఉత్తరం కూడా ఈవిడే రాశారు. ఆ ఉత్తరంలో ఉన్నది ఒకటే సంగతి. హాస్టలుకి పడవలో బియ్యం తెస్తుంటే ఒక బస్తా కాలవలో పడిపోయిందని, ఎవరూ చూడకపోయినా, ఎవరూ అడక్కముందే ఈ అబ్బాయి వచ్చి చెప్పాడని.

"అక్కా, ఇదేంటక్కా? నా తప్పు రాసేవు. ఒక్క 'గుడ్' అన్న ముక్కైనా వెయ్యవా?" అని ఆయన ఏడుపు మొహం పెట్టారట.

"తీసుకెళ్ళి చూడరా. అక్కడున్నది ఇంగ్లండు దొర. ఆయనకి తెలుస్తుంది."

ఆ దొర ఉత్తరం రెండుసార్లు చదివి, ఇంకో ప్రశ్న వెయ్యకుండా ఉద్యోగం ఇచ్చాడు. ప్రకాశరావు గారు పదేళ్ళు అక్కడ చేసి, పెళ్ళి చేసుకుని ఊరొచ్చి, మా బడి వ్యవహారాలన్నీ చూసే కరస్పాండెంటు అయ్యారు. నలుగురిలో ఉన్నప్పుడు సువార్తమ్మ గారు ఆయనను మీరు అనేవారు. ఇంటికి వస్తే మాత్రం నువ్వే. ఆయన కూడా ఆ అరుగు మీద కూర్చుంటే మళ్ళీ అటుకులు తినే కుర్రాడిలాగే ఉండేవారు.

దొరసానిగారు డెబ్బైరెండులో ఇంగ్లండు వెళ్ళిపోయారు. డెబ్బైయారులో పెద్ద పంతులమ్మ గారు రిటైరయ్యారు. ఆ కుర్చీ సువార్తమ్మ గారిదేనని అందరూ అనుకున్నారు. ఇరవైరెండేళ్ళ సర్వీసు, రామచంద్రపురంలో ట్రైనింగు, అన్నీ ఉన్నాయి. అయితే ప్రకాశరావు గారి మరదలు, భార్య చెల్లెలు, మరియరత్నం గారు కూడా దరఖాస్తు పెట్టుకున్నారు. ఆవిడా మంచి మనిషే. చక్కగా పాడతారు, ఎవరినీ నొప్పించరు. సంఘపెద్దలు ఎటూ తేల్చుకోలేక, ఇద్దరూ దొరసానిగారి చేతికింద పెరిగినవాళ్ళే కాబట్టి ఆవిడనే అడుగుదాం, ఆవిడ ఎవరిని మెచ్చుకుంటే వాళ్ళకే ఇద్దాం అనుకున్నారు.

సువార్తమ్మ గారు ఆ నెలంతా తేలిగ్గా నడిచారు. నేను అప్పటికి అదే బడిలో కుట్టు టీచరుగా చేరాను. ఒకరోజు నా కుట్టుమిషను దగ్గర నిలబడి, "పోస్టు రానీ రాకపోనీ గానమ్మా, ఆవిడ నా గురించి ఏం రాస్తారో వినాలనుంది" అన్నారు. ఆ మాటప్పుడు ఆవిడకు నలభైరెండేళ్ళు. గొంతు మటుకు పదిహేడేళ్ళ పిల్లదే.

ఇంగ్లండు నుంచి ఉత్తరం వచ్చింది. మామూలుగా సంఘపెద్దల కమిటీకి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా చదివి తెలుగులో చెప్పేది సువార్తమ్మ గారే. ఈసారి ఆవిడ సంగతే కాబట్టి ఆవిడను పిలవలేదు. ప్రకాశరావు గారు చదివారు. మరియరత్నం గారిని హెడ్మిస్ట్రెస్‌గా వేశారు.

మర్నాడు సంఘపెద్ద అబ్రహాము గారు అరటిపళ్ళ అత్తం ఒకటి పట్టుకుని సువార్తమ్మ గారింటికి వచ్చారు. ఆయన ఎవరింటికీ ఉత్తి చేతులతో వెళ్ళరు. అరుగు మీద కూర్చుని, కండువా మడతలు పెట్టుకుంటూ చెప్పారు.

"మనసులో పెట్టుకోకండమ్మా. దొరసానమ్మగారికి పెద్దతనం వచ్చేసింది. జ్ఞాపకం లేక అలా రాసుంటారు."

"ఎలా రాసేరండీ?"

"మరియరత్నం గురించి ఎంతో బాగా రాసేరమ్మా. ఎంతో తీపి గొంతుక, ఎంతో ముచ్చటైన పిల్ల, అందరికీ ఇష్టమైన పిల్ల అని. మీ గురించి ఏవో రెండు పేజీలు. ప్రకాశరావు గారు గబగబా చదివేసేరు, నాకైతే సరిగ్గా అందలేదు. మీరు ఒకసారి ఆవిడికి ఎదురు చెప్పేరన్నది మటుకు వినపడింది. నేనే అడిగేను, ఏవండీ, మెచ్చుకోలు ముక్క ఒక్కటైనా ఉందాండీ అని. ఆయన కాగితం మడిచేసి, లేదండీ అన్నారు."

ఎదురు చెప్పిన మాట నిజమే. ఎప్పుడో ఒక పిల్ల చేత, ఆ పిల్ల చెయ్యని తప్పుకు, దొరసానిగారు గుంజీళ్ళు తీయించారు. ఈవిడ ఆ సాయంత్రం గదిలోకి వెళ్ళి, మీరు చేసింది అన్యాయమండీ అన్నారు. దొరసానిగారు అప్పుడు తలూపి ఊరుకున్నారు. ఇన్నేళ్ళు అది కడుపులో పెట్టుకుని, పోస్టు వచ్చే వేళకు బయటపెట్టారని సువార్తమ్మ గారికి ఆరోజు అనిపించింది.

సాయంత్రం ప్రకాశరావు గారు వచ్చారు. ఈవిడ ఆయన్ని ఒకటే అడిగారు.

"ఏం రాసేర్రా తమ్ముడూ? ఓసారి ఆ కాగితం నన్ను చూడనిస్తావా?"

"వద్దక్కా. చదివితే బాధపడతావు. బడి ఆఫీసు అలమారలో పెట్టి తాళం వేసేసేను. ఇంక దాని ఊసెత్తకు" అన్నారాయన. ఎంతో ప్రేమగా అన్నారు. నా చేతుల్లో కాఫీ గ్లాసులు ఉన్నాయి, నేను విన్నాను. అక్క మీద ఎంత ఆపేక్ష అనుకున్నాను కూడా.

మర్నాటి నుంచి సువార్తమ్మ గారు ఎర్ర అట్ట నోటుబుక్కు తియ్యలేదు. ప్రార్థన చేసుకునేవారు, కాఫీ నీళ్ళు పెట్టుకునేవారు. బడికి ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు. మరియరత్నం గారిని ఒక్క మాట అనలేదు. కొత్త హెడ్మిస్ట్రెస్‌కి రాయడం రాని ఇంగ్లీషు కాగితాలన్నీ తానే రాసి పెట్టేవారు. ఊళ్ళో పిల్లలు నర్సు ట్రైనింగుకనో, రైల్వే ఉద్యోగానికనో ఉత్తరం అడిగితే మాత్రం, "నాకు రాదమ్మా ఆ రాత. నేను నేర్చుకున్నది తప్పు" అనేవారు. వాళ్ళు వేరేవాళ్ళ చేత రాయించుకునేవారు.

క్రిస్మసుకు దొరసానిగారి ఉత్తరం వచ్చింది. నీలం రంగు విమానం ఉత్తరం. ఆవిడ దాన్ని విప్పకుండా ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టేశారు. మరుసటేడు ఒకటి, ఆ పైయేడు ఒకటి. వాటినీ అలాగే పెట్టారు. ఎనభైలో మిషను వాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది, దొరసానిగారు ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయారని. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మాట్లాడమని అందరూ అడిగితే సువార్తమ్మ గారు గొంతు బాగాలేదన్నారు. చివరి బెంచీలో కూర్చుని, పాట వచ్చినప్పుడు లేచి నిలబడ్డారు. పాడలేదు.

ఎనభైయారు ఆగస్టులో గోదావరి పొంగి గట్లు తెగాయి. కాంపౌండులో నడుం లోతు నీళ్ళు నాలుగు రోజులు నిలిచాయి. నీళ్ళు తీశాక చూస్తే, బడి ఆఫీసు అలమారలో కింది రెండు అరలూ బురద. మరియరత్నం గారు తాళాలు తీసి, "కొన్నైనా దక్కుతాయేమో చూడండమ్మా" అని కాగితాలన్నీ మా ముందు పోశారు. ఎండ కాసిన రోజు నేనూ, సువార్తమ్మ గారూ చర్చి మెట్ల మీద చాపలు పరిచి, ఒక్కో కాగితం విడదీసి ఆరబెడుతున్నాం. గాలికి ఎగరకుండా గులకరాళ్ళు పెడుతున్నాను నేను.

కాసేపటికి ఆవిడ చేతులు ఆగిపోయాయి. టైపు కొట్టిన కాగితాలు రెండు, కింద దొరసానిగారి సంతకం. ముందు కళ్ళజోడు తుడుచుకున్నారు. చదివారు. తర్వాత నన్ను పిలిచి, తెలుగులో చెబుతూ మళ్ళీ చదివారు.

"అరవైతొమ్మిది తుఫానులో మధ్యాహ్నం వేళ హాస్టలు కప్పు లేచిపోయింది. సువార్తమ్మ అరవైరెండు మంది పిల్లల చేత ఒక తాడు పట్టించి చర్చిలోకి తీసుకువచ్చింది. లెక్కపెడితే అరవైముగ్గురు ఉన్నారు. దారిలో ఎవరి పిల్లో ఏడుస్తుంటే ఆమెను కూడా తాడు పట్టుకోమంది. నేను టైఫాయిడుతో పడుకున్న ఆరు వారాలు నా పాఠాలు తానే చెప్పింది. ఆ సంగతి ఆమె నాకు చెప్పలేదు, వంటామె చెప్పింది. ఒకసారి నేను ఒక పిల్లకు అన్యాయం చేశాను. ఎవరూ లేనప్పుడు వచ్చి నా తప్పు నాకు చెప్పింది. ఆమె చెప్పింది నిజం. మర్నాడు నేను ఆ పిల్లను క్షమాపణ అడిగాను. నేను ఊరు వెళ్ళినప్పుడు నా తాళాలు ఆమె దగ్గర ఉండేవి. మీరు నన్ను అడిగినదానికి ఇదే నా జవాబు."

మరియరత్నం గారి గురించి రాసినది రెండో పేజీ చివర నాలుగు వరసలు. తీపి గొంతు, ముచ్చటైన పిల్ల, అందరికీ ఇష్టం. ఆవిడ చేసిన పని ఒక్కటీ లేదు.

సువార్తమ్మ గారు ఏడవలేదు. లేచి ఇంటికి వెళ్ళారు. వరదలో ట్రంకుపెట్టె అటక మీద పెట్టడం వల్ల తడవలేదు. మూడు నీలం ఉత్తరాలూ తీసి, ఆ మధ్యాహ్నం వరసగా విప్పారు. మొదటిదాంట్లో, "మరియరత్నాన్ని వేశారని తెలిసింది. నేను రాసినది సరిపోలేదా? నాకు తెలిసిన మెచ్చుకోలంతా అందులో పెట్టాను" అని ఉంది. రెండోదాంట్లో మోకాళ్ళ నొప్పులు, మంచు, తపాలా వాళ్ళ మీద కోపం. మూడోది వంకరటింకర చేతిరాత. "నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. నేను మళ్ళీ ఏదో అన్యాయం చేసి ఉంటాను. అప్పటిలాగే వచ్చి చెప్పు. నేను వింటాను."

ఆ ఒక్క ముక్క ఆవిడ నాకు చదివి చెప్పలేకపోయారు. కాగితం నా చేతికిచ్చేశారు. నా వచ్చీరాని ఇంగ్లీషుతో నేనే కూడబలుక్కుంటూ చదివాను.

సాయంత్రం ప్రకాశరావు గారు వరద సాయం తాలూకు దుప్పట్లు పంచుతూ అటే వచ్చారు. మా ఇళ్ళలో ఎవరికి చలిజ్వరమో ఎవరికి పొయ్యి కూలిందో అన్నీ కనుక్కుని, అడక్కుండానే ఇస్తున్నారు. ఆ గుణం ఆయనలో ఎప్పుడూ ఉంది. సువార్తమ్మ గారు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఆయన తాగేదాకా ఆగి, ఆ కాగితాలు ఒళ్ళో పెట్టారు. నేను గుమ్మం దగ్గర ఆరిన రికార్డులు కడుతున్నాను. వెళ్ళిపోబోతే, ఉండమన్నట్టు ఆవిడ చెయ్యి చూపారు.

ఆయన మొదటి వరస చూసి కళ్ళు దించేశారు.

"నేను అబద్ధం చదవలేదక్కా" అన్నారు. "ఉన్నది ఉన్నట్టే చదివేను."

"ఆయ్. చదివే ఉంటారు. అబ్రహాము గారు అడిగితే ఏం చెప్పేరండీ?"

ఆవిడ ఇంట్లో ఆయన్ని మీరు అనడం నేను వినడం అదే మొదలు. ఆయన కూడా విన్నారు. ఖాళీ గ్లాసు కింద పెట్టేశారు.

"మావగారు పట్టుబట్టేరక్కా. ఇంట్లో మూడు నెలలు అన్నం సయించనివ్వలేదు. ఒక్క మాటే కదా అనుకున్నాను. నీకు పోస్టు మీద అంత ఆశ లేదని కూడా..."

"పోస్టు సంగతి నేనెత్తలేదండీ. మరియరత్నం బాగానే చేసుకొస్తోంది." ఆవిడ గొంతు పెంచలేదు. "దొరసానిగారు ఏ మాట ఎందుకు రాస్తారో ఈ ఊళ్ళో ఇద్దరికే తెలుసు. ఒకరు నేను. ఆ రోజు కమిటీ గదిలో ఉన్నది రెండో మనిషి. పైగా నేను అడిగేను. బాధపడతావు, చూడొద్దన్నారు. మీ మాట నమ్మి నేను ఆవిణ్ణి నమ్మడం మానేసేను. ఆ ముసలావిడ మంచం మీదుండి, నేనేం తప్పు చేసేనని అడుగుతా పోయేరు."

ప్రకాశరావు గారు మొహానికి కండువా అడ్డం పెట్టుకున్నారు. "ఏం చెయ్యమంటావక్కా? చెప్పు. కమిటీలో చెప్పమంటే చెప్తాను. చర్చిలో లేచి నిలబడమంటే నిలబడతాను."

"అవేవీ వద్దండీ."

ఆవిడ లేచి ఆ రెండు కాగితాలూ పొడిగుడ్డలో జాగ్రత్తగా మడిచారు. అబ్రహాము గారికి ఎనభై దాటింది. రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మి, మనిషిని గొంతును బట్టే గుర్తుపడుతున్నారు. వరద రోజుల్లో కూడా ఎవరి చేతనో నాకు కొబ్బరికాయలు పంపారు, తడి ఇంట్లో పిల్లలున్నారని.

"నాకొక్క సాయం చేసిపెట్టండి" అన్నారు సువార్తమ్మ గారు, ఆ గుడ్డ మూట ఆయన చేతిలో పెట్టి. "రేపు పొద్దున్నే అబ్రహాము గారింటికి వెళ్ళి ఇది ఇంకోసారి చదివి వినిపించండి. గబగబా వద్దు, నెమ్మదిగా చదవండి. అయ్యాక ఆయన మళ్ళీ అదే అడుగుతారు, మెచ్చుకోలు ముక్క ఒక్కటైనా ఉందా అని. ఈసారి ఉందండీ అని చెప్పండి."